గోడ తన్నడంలో అసలు పని కాళ్లది కాదు: అపోహలు - వాస్తవాలు

50 మీటర్ల పూల్‌లో 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదితే 29 సార్లు గోడ తన్నుకుని తిరగాలి. 25 మీటర్ల పూల్‌లో అయితే 59 సార్లు. డైవ్ తర్వాత ఈతగాడికి అన్నిటికన్నా ఎక్కువ వేగం ఉండేది గోడ వదిలిన ఆ క్షణంలోనే. అయినా కోచింగ్‌కి వచ్చేవాళ్లు చేతులు ఎలా వేయాలనే అడుగుతారు గానీ, గోడ సంగతి ఎవరూ అడగరు.

అపోహ: కాళ్లలో బలం ఉంటే చాలు, పుష్ ఆఫ్, అంటే గోడ తన్ని ముందుకు దూసుకెళ్లడం, దానంతటదే కుదురుతుంది.

వాస్తవం: నా దగ్గర ఓ పదో తరగతి అబ్బాయి ఉండేవాడు. కబడ్డీ ఆడి గట్టిపడిన తొడలు. అయినా గోడ తన్నాక మూడు మీటర్లకే జోరు చచ్చిపోయేది. నేను నీళ్లలో మునిగి చూశాను. తన్నిన మరుక్షణం ఎదురుగా చూడాలని తల ఎత్తేస్తున్నాడు, మోచేతులు విచ్చుకుంటున్నాయి. వేగం రెండింతలైతే నీటి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే ఎంత గట్టిగా తంతే, ఎత్తిన తల అంతగా వెనక్కి లాగుతుంది.

రెండు వారాల పాటు అతనికి కాళ్ల ఊసే ఎత్తలేదు. చేతి మీద చెయ్యి, పైచేతి బొటనవేలితో కింది చేతిని పట్టుకోవడం, జబ్బలు చెవులకు ఆనించడం, చూపు నేల వైపు. అంతే. అది కూడా పాదాలు గోడ మీద ఉండగానే కుదరాలి, వదిలాక సర్దుకుంటే లాభం లేదు. చివరికి ఒక్క కిక్ కూడా కొట్టకుండా, ఐదు మీటర్ల దగ్గర కట్టే జెండాలు దాటాడు. పైకి లేచి వెనక్కి తిరిగి జెండాల వైపే చూస్తూ ఉండిపోయాడు.

అపోహ: మోకాళ్లు ఛాతీకి ఆనేంత ముడుచుకుంటే ఎక్కువ జోరు వస్తుంది.

వాస్తవం: నేల మీద పూర్తిగా గొంతుక్కూర్చుని ఒకసారి ఎగిరి చూడండి, కుర్చీలో కూర్చున్నంత వంగి ఇంకోసారి. తేడా మీకే తెలుస్తుంది. మోకాలు 90 డిగ్రీలు లేదా ఇంకాస్త విప్పుకుని ఉంటే చాలు.

అపోహ: ఫ్లిప్ టర్న్‌లో, అంటే గోడ దగ్గర నీళ్లలోనే పల్టీ కొట్టి తిరిగేటప్పుడు, బోర్లా తిరిగాకే తన్నాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఫ్రీస్టైల్‌లో వెల్లకిలా ఉండగానే తన్నేసి, వెళ్తూ తిరగండి. నీటి పైపైన కాకుండా ఒకటిన్నర, రెండు అడుగుల లోతున వెళ్తే అలలు లేపడానికి జోరు వృథా కాదు.

అపోహ: నీటి కింద ఎంత దూరం వెళ్తే అంత మంచిది.

వాస్తవం: 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్, జపాన్ ఈతగాడు డైచి సుజుకి 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో (వెల్లకిలా ఈత) మొదటి సగం పూల్‌కి పైగా నీటి కిందే వెళ్లారు. స్వర్ణం సుజుకికి దక్కింది. ఇప్పుడైతే 15 మీటర్లకల్లా తల పైకి రావాలి. వాళ్లకు డాల్ఫిన్ కిక్కే (రెండు కాళ్లు కలిపి అలలా కొట్టే కిక్) పైన ఈత కన్నా వేగం కాబట్టి అది పనికొచ్చింది. మన పిల్లలు మాత్రం జోరు తగ్గకముందే కిక్ మొదలుపెట్టి, ఈత వేగానికి దిగేలోపు పైకి వచ్చేయాలి.

ఇంకో మాట. గబగబా ఊపిరి పీల్చి వదిలి, నీటి కింద పందేలు కాస్తుంటారు కొందరు పిల్లలు. ఊపిరి కావాలన్న ఆరాటం తెలియకుండానే స్పృహ తప్పుతుంది. చప్పుడు కూడా ఉండదు, పక్క లేన్‌లో వాళ్లకి కూడా తెలియదు. మా పూల్‌లో ఆ పందెం కనిపిస్తే ఆ రోజుకి అందరినీ గట్టు మీద కూర్చోబెడతాను, పోటీ రేపే ఉన్నా సరే.