కడుపు నిండాక ఐస్‌క్రీంకి చోటెక్కడిది?

టెక్సస్‌లో చదువుకుంటున్న కొడుకు గురించి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. శనివారం మధ్యాహ్నాలు ఆ అబ్బాయి స్నేహితులతో చైనీస్ బఫేకి వెళ్తాడట. ఒకసారి డబ్బు కడితే ఎంతైనా తినొచ్చు, పైగా అక్కడి లెక్కలో చవక. మూడు ప్లేట్లు లాగించి, "ఇక ఒక్క మెతుకు కూడా పట్టదమ్మా" అని ఫోన్లో మూలిగినవాడు, అంతలోనే "ఉండమ్మా, ఐస్‌క్రీం మెషీన్ దగ్గర లైను తగ్గింది" అంటూ ఫోన్ పెట్టేశాడట. "వాడికేమన్నా రెండు కడుపులున్నాయాండీ?" అని ఆవిడ సందేహం.

రెండు కడుపులు ఆవుకి కూడా లేవు. ఉన్నది ఒకటే, దానికి నాలుగు గదులు. మన బడుల్లో జీర్ణవ్యవస్థ బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమని మార్కులు వేస్తారు కానీ, పెళ్ళిలో బెల్టు వదులు చేసుకున్నాక కూడా జిలేబీ ఎలా దిగుతుందో ఏ మాస్టారూ అడగరు. నన్నడిగితే అసలు పాఠం అక్కడే మొదలవ్వాలి. అందుకే ఎంజైముల జాబితా దాటేసి నేరుగా అక్కడికే వెళ్తాను.

"కడుపు నిండింది" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒక అపార్ట్‌మెంటు అనుకోండి. బిల్డింగంతటికీ కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పైన ఫ్లాటుకో ప్రీపెయిడ్ మీటరు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అంటే పొట్ట. తిండి దిగేకొద్దీ దాని పైభాగం కండరాలు సడలి చోటిస్తాయి, గోడలు సాగుతాయి. ఎంత సాగాయో వేగస్ నాడి మెదడు కాండానికి చెబుతుంది. తిండి చిన్నపేగులోకి చేరాక కొవ్వు, ప్రోటీన్ తగలగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై "చాలు" అన్న కబురును గట్టి చేస్తుంది. ఇదంతా నింపాదిగా సాగే వ్యవహారం. మీటర్లు అలా కావు. అవి ఒక్కో రుచికి, ఒక్కో వాసనకి, నోట్లో ఒక్కో రకం మెత్తదనానికో కరకరకో విడివిడిగా తిరుగుతాయి. ఏదైనా వంటకం తిన్నాక రెండు నిమిషాలకే దాని మీద ఇష్టం బాగా పడిపోతుందని కొలిచి చూశారు. అప్పటికి ఒంటికి పట్టింది దాదాపు ఏమీ ఉండదు. చికెన్ ఫ్లాటులో బ్యాలెన్స్ అయిపోయి దీపాలారినా, పక్కనే ఐస్‌క్రీం ఫ్లాటులో ఫుల్ రీచార్జ్ అలాగే ఉంటుంది. మనవాడు "పట్టదు" అన్నది చికెన్ ఫ్లాటు నుంచి మాట్లాడిన మాట.

దీన్ని సెన్సరీ స్పెసిఫిక్ సేషియేటీ అంటారు. 1956లోనే ఫ్రాన్స్‌లో జాక్ లె మాన్యాన్ ఎలుకలకు ఒకే మేతను నాలుగు రకాల వాసనలు కలిపి వరసగా పెడితే, అవి మామూలు కంటే చాలా ఎక్కువ తిన్నాయి. మేత అదే, పోషకాలూ అవే, మారింది వాసన ఒక్కటే. మనుషుల మీద దీన్ని పట్టుబట్టి తేల్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ బృందం. 1981లో వాళ్ళు అచ్చువేసిన ప్రయోగంలో, నాలుగు రకాల శాండ్‌విచ్‌లు పెట్టినప్పుడు జనం ఒకే రకం పెట్టినప్పటి కంటే మూడో వంతు ఎక్కువ తిన్నారు. మూడేళ్ళ తర్వాత నాలుగు వడ్డనల భోజనం పెట్టి చూశారు. ప్రతి వడ్డనకీ పదార్థం మారుస్తూ పోతే, ఒకటే పదార్థం నాలుగుసార్లు పెట్టిన దానితో పోలిస్తే 60 శాతం ఎక్కువ క్యాలరీలు లోపలికి పోయాయి.

ఇంతకీ ఈ మీటర్లు ఎక్కడున్నాయి? కళ్ళకు కాస్త పైన, నుదుటి ఎముక వెనక ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగంలో. కోతుల మెదళ్ళలో ఇక్కడి న్యూరాన్లకు, అంటే నాడీకణాలకు, సన్నటి ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, కడుపారా గ్లూకోజ్ నీళ్ళు తాగిన కోతిలో గ్లూకోజ్‌కి పలికే న్యూరాను చప్పబడిపోయింది. వేరే రుచి నాలుక మీద వేస్తే మళ్ళీ టపటపా పేలింది. రుచి తొలి మజిలీ అయిన ఇన్సులా ప్రాంతంలో మాత్రం న్యూరాన్లు ఎప్పటిలాగే పలికాయి. అంటే తీపి తీపిగానే తెలుస్తుంది, దాని మీద మోజే పోతుంది. ఇంకో చిత్రం చూడండి. మింగకుండా నమిలి ఉమ్మేసినా, అంతసేపు ఊరికే వాసన చూసినా ఆ మీటరు తిరుగుతుంది. జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతిన్న మనుషులు ఇప్పుడే తిన్న సంగతి మరిచిపోయి, కాసేపటికే ఇంకో భోజనం పెడితే అదీ తినేస్తారని 1998లో పాల్ రోజిన్ బృందం చూపించింది. అలాంటివాళ్ళలో కూడా ఈ మీటర్లు సక్రమంగా తిరుగుతున్నాయని తర్వాత తేలింది. తిన్నట్టు గుర్తులేకపోయినా, తిన్న వంటకం మీద మాత్రం మొహం మొత్తుతుంది!

ఇప్పుడు బఫే బల్ల దగ్గరికి వెళ్దాం. పొడుగాటి స్టీలు ట్రేలు, వాటి కింద వేడినీళ్ళు. జనరల్ సోస్ చికెన్ ట్రేలో ముక్కలు ఎర్రటి పాకంలో నిగనిగలాడుతుంటాయి, అంచుల్లో పాకం గట్టిపడి గరిటెకి అంటుకుంటుంది. పై పొరలో కార్న్‌ఫ్లోర్ ఉంటుంది. దానికి గ్లూటెన్ లేదు కాబట్టి ఒట్టి మైదా పిండి కంటే ఎక్కువసేపు కరకరలాడుతుంది. ఆ వంటకానికి మూలపురుషుడు హునాన్ వంటవాడు పెంగ్ చాంగ్-క్వై. తైవాన్‌లో ఆయన చేసినప్పుడు అది తీపి కాదు, 1970లలో న్యూయార్క్ చేరాక తీపెక్కింది. దాని పక్క ట్రేలో ఆరెంజ్ చికెన్, ఆ పక్కన సెసమీ చికెన్, తర్వాత స్వీట్ అండ్ సోర్. చూడ్డానికి నాలుగు వంటకాలు. మీటరు ఒకటే అని నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం 1981 నాటి ప్రయోగాల్లోనే ఉంది. రుచి, రంగు, మెత్తదనం మూడూ తేడాగా ఉన్న మూడు రకాల యోగర్ట్‌లు పెడితే జనం ఎక్కువ తిన్నారు. అదే స్ట్రాబెరీ, రాస్ప్‌బెరీ, చెర్రీ పెట్టినప్పుడు, అంటే చూపుకీ నోటికీ ఇంచుమించు ఒకేలా ఉండేవి పెట్టినప్పుడు, ఏమీ పెరగలేదు. ఒకే కుటుంబం నాలుగు ఫ్లాటుల్లో ఉంటూ ఒకే మీటరు మీద బతుకుతోందన్నమాట. సోయా సాస్ మీద నడిచే లోమెయిన్ నూడుల్స్, ఫ్రైడ్ రైస్, బీఫ్ బ్రకోలీ ఇంకో కుటుంబం. పుల్లటి కారపు సూప్ ఒంటరిది. ఐస్‌క్రీం చల్లన, మెత్తన, తీపి, పాలవాసన. ఈ బల్ల మీద దానికి చుట్టాలే లేరు. అందుకే దాని బ్యాలెన్స్ చివరిదాకా మిగిలిపోతుంది.

మన విస్తరి సంగతీ అంతే. పప్పు, వేపుడు, పులుసు, అప్పడం, బూరె, చివర గడ్డపెరుగులో ఆవకాయ. ఏ రెండూ ఒక మీటరు మీద లేవు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది, అది సరదా విషయం కాదు. 1985లో ఎడ్మండ్ రోల్స్, ఒక సహ పరిశోధకుడు కలిసి ఇథియోపియా శరణార్థుల శిబిరంలో సేకరించిన వివరాలు అచ్చువేశారు. అవే మూడు పదార్థాలు ఆరు నెలలుగా తింటున్నవాళ్ళకి వాటి మీద ఇష్టం తగ్గిపోయింది, కొత్త రుచులు ఇస్తే బాగున్నాయన్నారు. రెండు రోజుల కిందట వచ్చినవాళ్ళలో ఆ తేడా లేదు. ఆకలి ఉన్నచోట కూడా మీటరు ఆగదు.

ఒక హెచ్చరిక. చైనీస్ బఫేల్లోనే కూర్చుని ఎవరు ఎలా తింటున్నారో లెక్కపెట్టిన బ్రయన్ వాన్సింక్ పరిశోధనలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఆయన పరిశోధనా పద్ధతుల్లో అక్రమాలున్నాయని తేల్చింది, ఆయన రాజీనామా చేశారు, చాలా వ్యాసాలు వెనక్కి తీసుకున్నారు. కాబట్టి చాప్‌స్టిక్‌లతో తింటే సన్నబడతారు లాంటివి వాట్సాప్‌లో వస్తే నమ్మకండి.

బఫే తిని వాంతులైతే దిష్టి అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పడేసే ఇళ్ళు అమెరికాలో కూడా ఉన్నాయి. కొన్నిసార్లు చూడాల్సింది ఫ్రైడ్ రైస్ వైపు. 1970లలో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్ల అన్నంతో ఇలాంటి జబ్బులు వరసగా బయటపడ్డాయి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేయించినా పోదు. అందుకే ట్రే కింద ఆ వేడినీళ్ళు. అమెరికా నిబంధన ప్రకారం వేడి పదార్థం వేడి 57 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గకూడదు. పొగలు రాని ఫ్రైడ్ రైస్ ట్రే కనిపిస్తే మీ అబ్బాయిని దాటేయమనండి.

ఇక తిండి తగ్గించుకోవాలంటే ఉపాయం తేలిక. మొదటి ప్లేటులో ఒకే కుటుంబం నుంచి రెండు రకాలే వేసుకోవాలి. మీటరు తొందరగా అయిపోతుంది, వేరే ట్రేల వైపు పోకుండా ఉంటే చాలు. కట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే రాత్రిపూట, పీతకాళ్ళు పెట్టిన రోజు వెళ్ళాలి. ఆ బల్ల మీద ఖరీదైన సరుకు అదే. పైగా పెంకు పగలగొట్టి ఒక్కో ముక్కా లాక్కుని తినేసరికి చాలాసేపు పడుతుంది కాబట్టి, నింపాదిగా నడిచే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కబురు కూడా రెండో ప్లేటులోపే మెదడుకి అందుతుంది.