అరవై ఏళ్లు చాలవా? కాపీరైట్ గడువు వెనుక 1998 నాటి బేరం

యూరప్‌తోనో అమెరికాతోనో వాణిజ్య చర్చలు జరిగిన ప్రతిసారీ తలెత్తే ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. రచయిత కన్నుమూశాక మన దేశంలో 60 ఏళ్లు ఉండే కాపీరైట్‌ను వారిలాగే 70 ఏళ్లు చేయాలా? కాపీరైట్ పుట్టుపూర్వోత్తరాలు చాలామందికి తెలిసినవే. 70 అన్న అంకె అమెరికాలో ఎలా చట్టమైందో చూస్తే ఇప్పటి ఒత్తిడి స్వభావం తెలుస్తుంది.

మిక్కీ మౌస్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన 1928 నాటి లఘుచిత్రంపై డిస్నీ హక్కు 2003 చివరికి ముగియాల్సి ఉంది. డిస్నీ, ఇతర సినిమా స్టూడియోలు, సంగీత ప్రచురణ సంస్థలు అప్పటికి రచయిత మరణానంతరం 50 ఏళ్లుగా ఉన్న గడువు పెంచాలని అమెరికన్ కాంగ్రెస్‌పై ఒత్తిడి తెచ్చాయి. యూరప్ 1993లోనే 70 ఏళ్లను ఖరారు చేసింది, మనమూ పెంచకపోతే అక్కడ మన రచనలకు ఆ అదనపు కాలం దక్కదు అన్నది వారి వాదన. అది నిజమే. అయితే విదేశాల్లో వచ్చే రాయల్టీ కోసం స్వదేశంలోని పాఠకులు మరో ఇరవై ఏళ్లు ఎందుకు ఆగాలో ఆ వాదన చెప్పదు.

బిల్లుకు గట్టిగా అడ్డం పడినవారు హోటళ్ల యజమానులు. తమ దగ్గర రేడియోలో, టీవీలో వచ్చే పాటలకు రుసుము ఎందుకు కట్టాలన్నది వారి పేచీ. చివరికి చిన్న హోటళ్లకు, బార్లకు, దుకాణాలకు ఆ రుసుము నుంచి మినహాయింపునిస్తూ అదే చట్టంలో మరో భాగం చేర్చారు. గ్రంథాలయాలకూ పరిమితమైన వెసులుబాటు దొరికింది. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. సంఘటితంగా ఉన్నవారందరికీ ఏదో ఒకటి ముట్టింది. పాత పుస్తకాన్ని చవకగా అచ్చువేయాలనుకునే చిన్న ప్రచురణకర్త తరఫున, దాన్ని కొనుక్కునే పాఠకుడి తరఫున ఆ బేరంలో కూర్చున్నవారు లేరు. సభ్యుల ఓట్లు పేరుపేరునా నమోదు కాకుండానే బిల్లు గట్టెక్కింది. 1998 అక్టోబరు 27న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. వ్యక్తుల రచనలకు మరణానంతరం 70 ఏళ్లు, కంపెనీల సొత్తుకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1923లో వెలువడిన రచనలు అక్కడ అందరివీ కావడానికి 2019 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ చట్టాన్ని, గడువు తీరిన పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచే ఎరిక్ ఎల్డ్రెడ్ అమెరికా సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అదనపు ఇరవై ఏళ్ల వల్ల రచయితకు కలిగే ప్రోత్సాహం అతి స్వల్పమని మిల్టన్ ఫ్రీడ్‌మన్, కెనెత్ ఆరో సహా 17 మంది ఆర్థికవేత్తలు కోర్టుకు విన్నవించారు. రాజకీయంగా ఎన్నడూ కలవని ఫ్రీడ్‌మన్, ఆరో ఒకే పత్రంపై సంతకం చేశారంటే విషయం ఎంత స్పష్టమో ఊహించవచ్చు. అయినా 2003లో 7–2 తేడాతో చట్టమే నెగ్గింది. 55 నుంచి 75 ఏళ్ల వయసున్న కాపీరైట్లలో రెండు శాతానికే వాణిజ్య విలువ మిగులుతుందని జస్టిస్ బ్రెయర్ తన అసమ్మతి తీర్పులో గుర్తుచేశారు. ఆ రెండు శాతం కోసం మిగతా 98కీ తాళం పడింది.

అక్కడి నుంచి 70 ఏళ్ల గడువు వాణిజ్య ఒప్పందాల ద్వారా ఇతర దేశాలకూ పాకింది. అమెరికాతో ఒప్పందం ఫలితంగా 2005లో ఆస్ట్రేలియా, 2022 చివర్లో కెనడా గడువు పెంచాయి.

మనమూ ఒకసారి పెంచాం. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై విశ్వభారతి హక్కు మరికొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, 1991 డిసెంబరు చివర్లో ఆర్డినెన్సు తెచ్చి 50ని 60 చేశారు. ఒక్క సంస్థ కోసం తెచ్చిన మార్పు అన్ని భాషలకూ వర్తించింది. 1946లో మరణించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రచనలు 1997కు బదులు 2007లో స్వేచ్ఛ పొందాయి. ఇప్పుడు 70కి ఒప్పుకుంటే, 1976లో కన్నుమూసిన విశ్వనాథ సత్యనారాయణ రచనలు 2037లో కాక 2047లో అందరివీ అవుతాయి.