కారు మీద ప్రేమ నిజమే, మరి ఆనందం?

నెదర్లాండ్స్‌లో పోస్ట్‌కోడ్ లాటరీ అని ఒకటుంది. అందులో బహుమతి ఒక్క మనిషికి కాకుండా వీధికే తగులుతుంది. అక్కడ ఒక పోస్ట్‌కోడ్ కింద సగటున ఇరవై ఇళ్ళు ఉంటాయి. లాటరీ తగిలిన పోస్ట్‌కోడ్‌లో టికెట్ కొన్నవాళ్ళందరికీ టికెట్‌కి 12,500 యూరోల చొప్పున వచ్చేవి, వాళ్ళలో ఒకరికి అదనంగా కొత్త బీఎండబ్ల్యూ కారు కూడా. టికెట్ కొనని పక్కింటివాళ్ళు చూస్తూ ఉండిపోవాల్సిందే.

పీటర్ కూన్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ వీధులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. బీఎండబ్ల్యూ తగిలినవాళ్ళలో చాలామంది కారు ఉంచుకోలేదు, దాన్ని డబ్బు చేసుకున్నారు. డబ్బు గెలిచినవాళ్ళు మాత్రం ఎక్కువగా కార్ల మీద, ఇంట్లోకి కావాల్సిన పెద్ద వస్తువుల మీద ఖర్చు పెట్టారు. అసలు విశేషం పక్కింటివాళ్ళది. పైసా గెలవకపోయినా, గెలిచినవాళ్ళ పక్కన ఉన్నందుకే వాళ్ళు కూడా కార్ల మీద ఎక్కువ ఖర్చు చేశారు. మరి గెలిచినవాళ్ళ సంతోషం? ఆరు నెలల తర్వాత అడిగితే, లాటరీకి ముందుకంటే పెరిగినట్టు కనబడలేదు.

పక్కింటి ముందు కొత్త కారు ఆగితే మన మనసులో ఏదో కదులుతుంది. అందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ ఆ కదలిక మనతో ఏం కొనిపిస్తోందో, కొన్నది మనకి తిరిగి ఏం ఇస్తోందో తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే చాలా మధ్యతరగతి ఇళ్ళలో సొంతిల్లు తర్వాత అంత పెద్ద ఖర్చు కారే. ఐదేళ్ళో ఏడేళ్ళో ఈఎంఐ కట్టాలి.

ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన జవాబు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు నార్బర్ట్ ష్వార్జ్, జింగ్ షూ అక్కడ ముందుగా విద్యార్థులను అడిగారు: బీఎండబ్ల్యూ నడుపుతుంటే ఎలా ఉంటుంది, హోండా అకార్డ్ అయితే, చిన్న ఫోర్డ్ ఎస్కార్ట్ అయితే? మనమేం చెబుతామో వాళ్ళూ అదే చెప్పారు. కారు ఖరీదు పెరిగేకొద్దీ ఆనందమూ పెరుగుతుందని అన్నారు. తర్వాత సొంత కార్లున్న విశ్వవిద్యాలయ ఉద్యోగులను 'మీ కారు నడిపేటప్పుడు సాధారణంగా మీకెలా అనిపిస్తుంది?' అని అడిగారు. ఖరీదైన కారున్నవాళ్ళు ఎక్కువ ఆనందం చెప్పారు. ఇక్కడితో ఆపేస్తే షోరూం సేల్స్‌మన్ మాటే సరైపోయేది.

పరిశోధకులు ఇంకొందరిని ప్రశ్న మార్చి అడిగారు. 'సాధారణంగా' అనే మాట తీసేసి, చివరిసారి కారు నడిపినప్పుడు ఎలా అనిపించిందో గుర్తు చేసుకుని చెప్పమన్నారు. ఈసారి కారు ధరకీ, నడిపినవాళ్ళ ఆనందానికీ సంబంధమే కనిపించలేదు. సరదా కోసమే కారు తీసిన సందర్భాన్ని గుర్తు చేసుకోమన్నప్పుడు మాత్రం ఖరీదైన కారు మళ్ళీ ముందుకు వచ్చింది.

కారణం మన ధ్యాసలో ఉంది. కారు కొనే ముందు మనం కారు గురించే ఆలోచిస్తాం. సన్‌రూఫ్, టచ్ స్క్రీన్, సీట్ల తోలు వాసన కళ్ళ ముందు మెదులుతాయి. 'నీ కారు ఎలా ఉంది?' అని ఎవరైనా అడిగినా వాటి గురించే చెబుతాం. సోమవారం ఉదయం ఆఫీసుకి బయల్దేరాక మన ధ్యాస కారు మీద ఉండదు. ముందున్న బస్సు, అడ్డం వచ్చిన ఆటో, తొమ్మిదిన్నర మీటింగ్, పిల్లవాడి ఫీజు, ఇవే బుర్రలో తిరుగుతాయి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఆగిపోయినప్పుడు ఆరు లక్షల కారులో ఎంత టెన్షనో అరవై లక్షల కారులోనూ అంతే. అయినా నిజంగా గడిపిన రోజులు మనకి గుర్తుండవు, 'మంచి కారు కదా, ఆనందంగానే ఉండి ఉంటుంది' అన్న నమ్మకమే గుర్తుంటుంది. అందుకే అనుభవం మనకి పాఠం నేర్పదు. తర్వాతి కారు కొనేటప్పుడు కూడా అదే లెక్క వేస్తాం.

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం 2004లో ప్రచురించిన మరో పరిశోధన దీనికి తోడు నిలుస్తుంది. అందులోనూ ష్వార్జ్ ఉన్నారు. టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులు ముందురోజు తాము ఏమేం చేశారో, ఒక్కో పని చేస్తున్నప్పుడు ఎలా అనిపించిందో వివరంగా రాశారు. ఆనందం లెక్కన చూస్తే ఉదయం పనికి వెళ్ళే ప్రయాణం ఆ జాబితాలో అట్టడుగున నిలిచింది. రోజూ మనం కారులో గడిపే సమయంలో ఎక్కువ భాగం అదే కదా.

ఇంత చెప్పాక కారు మీద మమకారం ఒట్టి భ్రమ అనేస్తారేమో. నేనలా అనను. ఆ మమకారానికి ధరతో పని లేని వేళ్ళున్నాయి. ఆస్ట్రియాలో సోన్యా విండ్‌హేగర్ బృందం 2008లో కొందరికి కార్ల ముందు భాగాలు చూపిస్తే, వాళ్ళు హెడ్‌లైట్లలో కళ్ళని, కింది భాగంలో నోటిని పోల్చుకున్నారు. మన మెదడు ఎక్కడ చూసినా ముఖాన్ని వెతుకుతుంది, కారు దానికి ఎదురుగా ముఖం పెట్టుకునే వస్తుంది. ముఖం ఉన్నదానికి స్వభావం అంటగట్టడం ఎంతసేపు? జెస్సీ చాండ్లర్, ష్వార్జ్ 2010లో చూపించింది ఇదే. తమ కారుకి ఎలాంటి వ్యక్తిత్వం ఉందో ఆలోచించినవాళ్ళు దాన్ని మార్చడానికి అంతగా ఇష్టపడలేదు. పైగా అది ఎంత బాగా పనిచేస్తోందన్న విషయాన్ని కూడా పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

మన దగ్గర కొత్త కారు షోరూం నుంచి నేరుగా గుడికే వెళ్తుంది. హైదరాబాద్‌లో అయితే పెద్దమ్మ గుడికి, బెజవాడలో అయితే దుర్గమ్మ కొండకి. బానెట్ మీద పసుపు కుంకుమ బొట్లు, దండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ రోజు నుంచి అది ఇంట్లో మనిషే. ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ కథ ఇలాంటిదే. 1983 డిసెంబర్ 14న మొట్టమొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్నది ఆయనే. తర్వాత దేశంలోకి ఎన్ని రకాల కార్లు వచ్చినా, 2010లో చనిపోయేదాకా ఆ కారుని వదల్లేదు. మిషిగన్ ఉద్యోగుల ఖరీదైన కార్లు ఇవ్వలేనిదేదో ఆ చిన్న కారు ఆయనకి ఇచ్చిందనే నా నమ్మకం. అది షోరూంలో అమ్మే సరుకు కాదు, ఏళ్ళ తరబడి వాడితేనే పుడుతుంది.

ఇంకొక తేడా కూడా గమనించాలి. పెద్ద కారుకి మారడం వేరు, కారే లేని ఇంటికి కారు రావడం వేరు. మన దేశంలో పది ఇళ్ళకి ఒక కారు కూడా లేదు. వర్షంలో స్కూటర్ మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాలను చూసే తనకి లక్ష రూపాయల కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. ఆ నానో కారు 2008లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో జనం ముందుకొచ్చింది. వాన పడుతున్నప్పుడు మన ధ్యాస కచ్చితంగా కారు మీదే ఉంటుంది, పిల్లలు తడవకుండా ఇల్లు చేరారన్న ఊరట ప్రతి వానలోనూ కొత్తగానే ఉంటుంది. ష్వార్జ్ లెక్క ప్రకారం నిజంగా అనుభవంలోకి వచ్చే ఆనందం ఇదే. కానీ నానోని జనం పెద్దగా కొనలేదు. ఫ్యాక్టరీ పశ్చిమ బెంగాల్‌లోని సింగూర్ నుంచి గుజరాత్‌లోని సాణంద్‌కి మారాల్సి వచ్చింది, కొన్ని కార్లకి మంటలు అంటుకున్నాయి. వీటితో పాటు 'అన్నిటికంటే చౌక కారు' అనే ముద్ర దాన్ని దెబ్బతీసిందని రతన్ టాటాయే ఒప్పుకున్నారు. స్కూటర్ మీద తడవడానికైనా సిద్ధపడ్డాం కానీ, చౌక కారులో కనిపించడానికి సిద్ధపడలేదు. 2018లో నానో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీల లాంటి పెద్ద బండ్లే. అవి కూడా రోజూ ఉదయం అదే గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఆగుతున్నాయి.