ఆలస్యంగా చిగురించే మందారాలు

వసంతం రాగానే తోటలో చెట్లన్నీ చివుళ్లు తొడుగుతాయి. చలిని తట్టుకునే మందారం మాత్రం ఇంకా ఎండుపుల్లల కట్టలాగే నిలబడి ఉంటుంది. వారాలు గడిచినా చలనం ఉండదు. చచ్చిపోయిందనుకుని చాలామంది ఆ దశలోనే పీకి పారేస్తారు. చలికాలమంతా బతికి బయటపడిన మొక్క మనిషి తొందరపాటుకు బలి కావడం నిజంగా బాధాకరం. అనుమానం ఉంటే కొమ్మ బెరడును గోటితో కాస్త గీరి చూడండి. పైపొర కింద తడిగా, పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయిందని అర్థం. అప్పుడైనా కిందికి వస్తూ మరో చోట గీరి చూడాలి.

అందరికీ తెలిసిన ఎర్ర మందారం, అంటే హైబిస్కస్ రోజా సైనెన్సిస్, వెచ్చని వాతావరణానికి అలవాటు పడిన మొక్క. నీరు గడ్డకట్టే చలిని తట్టుకోలేదు. అదే ప్రజాతికి చెందిన హైబిస్కస్ సిరియాకస్ సుమారు మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ వరకు నిలబడుతుంది. చైనాలో పుట్టిన ఈ పొద పువ్వే దక్షిణ కొరియా జాతీయ పుష్పం. పగళ్లు కురచబడేసరికి ఇది ఆకులు రాల్చి నిద్రావస్థలోకి వెళుతుంది. కణాల్లో చక్కెరలు పెరుగుతాయి. చలి ముదిరినప్పుడు నీరు కణాల నుంచి బయటికి వచ్చి, వాటి మధ్య ఖాళీల్లో గడ్డకడుతుంది. కణం లోపల మంచు ఏర్పడితేనే దాని పొరలు చిట్లుతాయి. బయట ఏర్పడితే కణం కొంత ముడుచుకుంటుందే తప్ప చావదు.

హైబిస్కస్ మాస్క్యూటోస్ మరో దారి పట్టింది. ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో పెరిగే ఈ జాతి, చలికాలంలో నేలపై ఉన్న కాండాన్నంతా వదులుకుంటుంది. మట్టిలోని మొదలు, వేళ్లు మాత్రం బతికే ఉంటాయి. నేల బాగా వెచ్చబడ్డాక కొత్త మొలకలు లేస్తాయి. ఒక్క వేసవిలోనే మనిషి ఎత్తు దాకా ఎదిగి, కొన్ని రకాల్లో 25 సెంటీమీటర్ల వెడల్పున్న పూలు పూస్తుంది. మొదలు ఎక్కడుందో తెలిసేలా పాత కాండాన్ని జానెడు ఎత్తున ఉంచి కోస్తే మంచిది.

రెండు జాతులూ ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మలకే పూస్తాయి. అందుకే సిరియాకస్‌ను చలికాలం చివర్లో, చిగురు రాకముందే కత్తిరించాలి. గట్టిగా కత్తిరిస్తే పూలు తగ్గుతాయి కానీ పెద్దవిగా వస్తాయి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీడలో నాటి ఎన్ని ఎరువులు వేసినా ప్రయోజనం లేదు. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయి, మొగ్గలు తగ్గుతాయి. మొగ్గలు రాలుతుంటే ముందుగా పాదులో తేమ చూడండి. మాస్క్యూటోస్‌కు నీటి కొరత అసలే పడదు. సిరియాకస్‌కు మాత్రం నీరు నిలవని నేల కావాలి. లేత చివుళ్లపై పేనుబంక కనిపిస్తే నీటిని గట్టిగా చిమ్మి కడిగేస్తే చాలావరకు పోతుంది.

ఒక్కో పువ్వు ఆయుష్షు దాదాపు ఒక్కరోజే. విచ్చుకున్న పూటే భూతద్దంతో చూడాలి. కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంగా ఏర్పడితే, దాని మధ్య నుంచి కీలం బయటికి వచ్చి కొసన ఐదు పాయలుగా చీలుతుంది. పుప్పొడి రేణువులు పెద్దవి, ఒళ్లంతా ముళ్లే. మాస్క్యూటోస్ సొంత నేలలో టిలోథ్రిక్స్ బాంబిఫార్మిస్ అనే ఒంటరి తేనెటీగ ఈ జాతి పూల పుప్పొడినే ఎక్కువగా ఏరుకుంటుంది. అది గట్టి నేలపై నీళ్లు తెచ్చి పోసి, మట్టిని మెత్తబరచి గూడు తవ్వుకుంటుంది. ఆ ప్రాంతాల్లో తోట పెంచేవారు కాస్త నేలను ఏమీ కప్పకుండా వదిలేస్తే ఈ తేనెటీగకు ఎంతో మేలు.

సిరియాకస్‌తో ఒక చిక్కుంది. గింజలు రాలి తోటంతా మొలుస్తాయి. అమెరికా నేషనల్ అర్బోరేటం అనే వృక్షోద్యానంలో కొత్త రకాలను రూపొందించే డొనాల్డ్ ఎగోల్ఫ్, రెండు వరుసల క్రోమోజోములకు బదులు మూడు వరుసల క్రోమోజోములుండే త్రయస్థితిక రకాలను రూపొందించి ఈ సమస్యకు దారి చూపారు. వాటిలో తెల్లని పూల ‘డయానా’ 1970లో విడుదలైంది. క్రోమోజోములు సమంగా పంచుకోలేక ఇది గింజలు దాదాపుగా కట్టదు. కాబట్టి దీన్ని వేసవిలో లేత కొమ్మల అంట్లతోనే పెంచుకోవాలి. తేమగా ఉండే ఇసుక మిశ్రమంలో గుచ్చి నీడన ఉంచితే వేళ్లు సులువుగానే వస్తాయి.