పావుగంట దక్కినవాళ్లు

జైల్లో ఉన్న భర్తను చూడ్డానికి ఒక అంగోలా ఇల్లాలు వస్తుంది. వెళ్లేముందు, ఈసారి నీకు "కంప్లీటు" తెచ్చిపెడతానంటుంది. మన హోటళ్లలో "ఫుల్ మీల్స్" అన్నట్టు, అంగోలా రాజధాని లువాండా పేటల్లో ఆ మాటకు ఒక పూట నిండు భోజనం అని అర్థం: చేపలు, పామాయిల్లో వండిన చిక్కుడు గింజలు, అరటిపండు. అప్పటికి అంగోలాను ఏలుతున్న పోర్చుగీసు వాళ్లకు, పక్కన కాపలా ఉన్నవాళ్లకు మాత్రం అది కోటూ ప్యాంటూ కలిసిన ఫుల్ సూటు. ఖైదీకి సూటెందుకు? ఏదో కుట్ర ఉంది, చెప్పు అంటూ హింసిస్తారు.

సారా మాల్దొరోర్ 1960ల చివర్లో అల్జీరియాలో తీసిన 'మొనంగాంబే' కథ ఇంతే. నిడివి పావుగంట పైచిలుకు. మూలకథ రాసిన లువాందీను వియైర అప్పుడు కేప్ వెర్ద్ దీవుల్లోని తరఫాల్ జైల్లో ఉన్నాడు. మాల్దొరోర్ పుట్టింది ఫ్రాన్స్‌లో, తండ్రిది కరీబియన్ దీవి గ్వాదెలూప్. అంగోలా విముక్తి ఉద్యమ నాయకుల్లో ఒకడైన మారియు పింటో ద ఆంద్రాద్ ఆమె సహచరుడు. పోర్చుగీసు వలస లోకం ఆమె సినిమాలోకి వచ్చింది ఆ దారినే.

స్పానిష్, పోర్చుగీసు భాషల సినిమా చరిత్రలో దర్శకురాళ్ల కోసం పెద్ద సినిమాల జాబితాలు తిరగేస్తే దశాబ్దాలకు దశాబ్దాలు దాదాపు ఖాళీగా కనిపిస్తాయి. వాళ్లు లేక కాదు. చాలామంది ఉన్నది లఘుచిత్రాల్లో. మన కుర్రాళ్లకు షార్ట్ ఫిలిం అంటే నిర్మాత కంట పడడానికి విజిటింగ్ కార్డు. వీళ్లకది అలా కాదు. స్టూడియో, సెన్సార్, పెట్టుబడి అన్నీ పంపకాలయ్యాక వీళ్ల వంతుకు మిగిలిన గది అది. ఆ గదిలోనే కాపురం పెట్టారు.

పెద్ద సినిమా తీసినా కాలం దాన్ని పొట్టిచేసి వదిలిన ఉదాహరణ కూడా ఉంది. పోర్చుగల్ నటి బార్బరా విర్జీనియా 22 ఏళ్ల వయసులో ఒక కథాచిత్రానికి దర్శకత్వం వహించింది. 1946లో మొట్టమొదటి కాన్ చిత్రోత్సవంలో దాన్ని ప్రదర్శించారు. ఇవాళ మిగిలింది 26 నిమిషాల బొమ్మ. శబ్దం పోయింది. ఆమె మళ్లీ పెద్ద సినిమా తీయలేదు. బ్రెజిల్ వెళ్లి స్థిరపడింది.

అసలు కథ 1960లలో ఊపందుకుంది. 16 ఎం.ఎం. కెమెరా, భుజాన తగిలించుకునే టేప్ రికార్డరు అందుబాటులోకి వచ్చిన కాలమది. సినిమా చరిత్రలు కెమెరా గురించే రాస్తాయి గానీ, ఆడవాళ్ల సినిమాకు ఎక్కువ మేలు చేసింది టేప్ రికార్డరేనని నాకనిపిస్తుంది. ముఖం చూపించకుండా మాట వినిపించొచ్చు. నలుగురిలో అనలేని మాట ఒక మైకు ముందు అనొచ్చు.

రియో డి జనేరోలో ఎలెనా సోల్‌బర్గ్ చేసింది అదే. 1966లో తీసిన 'ఎ ఎంత్రెవిస్తా' కోసం తన తరగతికే చెందిన, కలిగిన ఇళ్ల యువతులను మాట్లాడించింది. 19 నుంచి 27 ఏళ్ల వాళ్లు. పెళ్లి, కన్యాత్వం, చదువు, ఉద్యోగం, మొగుడి మాట. తెర మీద మాత్రం ఒక అమ్మాయి పెళ్లికూతురిగా ముస్తాబవుతూ ఉంటుంది. కంటికి పెళ్లి, చెవికి సందేహం. రెండూ ఎక్కడా కలవవు. చివర్లో సినిమా ఉన్నట్టుండి వీధిలోకి వస్తుంది. 1964 మార్చిలో దేవుడి పేరున, కుటుంబం పేరున సంపన్న, మధ్యతరగతి స్త్రీలు ఊరేగింపులు తీశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. ఇంట్లో నేర్పిన భయానికీ వీధిలోకొచ్చిన సైన్యానికీ ముడి ఉందని 20 నిమిషాల్లో చూపించిన సినిమా ఇది. బ్రెజిల్ 'సినిమా నోవో' ఉద్యమమంటే వరసగా మగపేర్లే చెబుతారు. ఆ వరసలో సోల్‌బర్గ్ ఒక్కతే స్త్రీ, అదీ ఆలస్యంగా చేర్చిన పేరు.

క్యూబా సంగతి వేరు. అక్కడ విప్లవం గెలిచిన మూడు నెలలకే, 1959 మార్చిలో, సినిమా సంస్థ ఐసీఏఐసీ పెట్టారు. డబ్బు ప్రభుత్వానిది, కెమెరా ప్రభుత్వానిది. పియానో నేర్చుకుని, పత్రికల్లో రాస్తున్న సారా గోమెస్ అనే నల్లజాతి యువతి 1961లో అందులో చేరింది. ఫ్రెంచ్ దర్శకురాలు ఆన్యెస్ వర్దా క్యూబా వచ్చినప్పుడు ఆమెకు సహాయకురాలిగా పనిచేసింది. వర్దా తీసిన ఫొటోల సినిమా చివర్లో చ-చ-చ ఆడుతూ కనిపించేది ఈమే.

తర్వాత పదేళ్లు సారా గోమెస్ తీసినవన్నీ పొట్టి డాక్యుమెంటరీలు. 1966లో సొంత కుటుంబం మీదే ఒకటి తీసింది, పేరు 'గ్వానబకోవా'. నల్లజాతి మధ్యతరగతి వాళ్ల ఇంట్లో బామ్మలూ అత్తలూ, బ్యాండు వాయించిన మగవాళ్లూ, ఏ క్లబ్బులోకి ఎవరిని రానిచ్చేవారు, ఎవరిని రానిచ్చేవారు కాదు అన్న లెక్కలూ. విప్లవం వచ్చాక జాతి వివక్ష పోయిందని ప్రభుత్వం చెప్పుకుంటున్న రోజుల్లో ఇవి అడగడం చిన్న సంగతి కాదు. 1968లో క్యూబాలోనే ఉన్న పైన్స్ ద్వీపానికి వెళ్లి, అక్కడి శిబిరాల్లో పనిచేస్తున్న యువతను మాట్లాడించింది. వాళ్లలో ఒకడు నల్లజాతి ఒపెరా గాయకుడు. తెల్లజాతి గాయని సరసన తనను వేదిక మీద నిలబడనివ్వని సంగతి నెమ్మదిగా చెబుతాడు. నేనెప్పటికైనా 'లా ట్రవియాటా' పాడగలనంటారా అని ఎదురుగా కూర్చున్న సారానే అడుగుతాడు. ఆమె కూడా ఫ్రేములోనే ఉంది. ప్రభుత్వ డాక్యుమెంటరీలో దర్శకురాలికి వచ్చిన ఆ ప్రశ్నకు వ్యాఖ్యానం జోడించి జవాబు కుట్టేయొచ్చు. ఆమె అలా చేయలేదు.

ఉద్యోగాల్లోకి వచ్చిన ఆడవాళ్ల ఇంటి చాకిరీ ఎవరు చేస్తున్నారని అడిగిన మరో సినిమా చాలాకాలం జనం ముందుకు రాలేదు. 1974లో, తన మొదటి పెద్ద సినిమా కూర్పులో ఉండగా, ఉబ్బసంతో సారా చనిపోయింది. వయసు 31. మిగతా పని ఆమె సహచర దర్శకులు పూర్తిచేశారు. 16 ఎం.ఎం.లో తీసిన ఆ సినిమాను 2021లో బెర్లిన్‌లోని ఆర్సెనాల్ సంస్థ పునరుద్ధరించింది. చరిత్ర పుస్తకాలు ఆమెను 'క్యూబా మొదటి మహిళా ఫీచర్ దర్శకురాలు' అని ఆ ఒక్క సినిమాతో కొలుస్తాయి. ఆమె ఏం అడిగిందో తెలియాలంటే మాత్రం ఆ పొట్టి డాక్యుమెంటరీలే చూడాలి.

నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌లో గది ఇంకా ఇరుకు. మాడ్రిడ్ ప్రభుత్వ సినిమా బడిలో విద్యార్థిగా సెసీలియా బార్తొలొమే 1965లో గర్భనిరోధం గురించీ, 1969లో మొగుణ్ని వదిలేసే భార్య గురించీ తీసింది. రెండోది పాటలతో నడిచే వేళాకోళం, ముప్పావుగంట సినిమా. స్పెయిన్‌లో విడాకుల చట్టం వచ్చింది 1981లో! సెన్సార్ ఆ సినిమాను నిషేధించింది. ఫ్రాంకో చనిపోయేదాకా ఆమె చేతికి పెద్ద సినిమా రాలేదు.

అర్జెంటీనాలో మరియా లూయిసా బెంబెర్గ్‌కు డబ్బు ఇబ్బంది లేదు, పెద్ద బీరు కంపెనీ ఉన్న ఇల్లు. నలుగురు పిల్లలు, విడాకులు, 1970లో స్త్రీవాద సంఘం యూఎఫ్ఎ స్థాపనలో పాత్ర. ఇవన్నీ అయ్యాక 50 ఏళ్ల వయసులో మొదటి సినిమా. 1972లో బ్యూనస్ ఐరిస్‌లో 'ఫెమిముందో' అనే ఆడవాళ్ల వస్తువుల ఎగ్జిబిషన్‌కు కెమెరా తీసుకెళ్లింది. విగ్గులు, క్రీములు, మిక్సీలు, వాటి వెనక పత్రికల సలహాల గొంతు. యూఎఫ్ఎ సమావేశాల్లో దాన్ని వేసి, దీపాలు వెలిగించి చర్చ పెట్టేవారు. 1978లో, సైనిక పాలన మధ్యలో, 'హుగేతెస్': ఆటబొమ్మల ప్రదర్శనలో పిల్లలను పెద్దయ్యాక ఏమవుతారని అడగడం, వాళ్ల జవాబులు వినడం. అంతే. తుపాకులు ఎవరి చేతిలో ఉన్నాయో, టీ కప్పులు ఎవరి చేతిలో ఉన్నాయో కెమెరా చూసుకుంటుంది.

1975లో ఐక్యరాజ్యసమితి మహిళా సంవత్సరం మహాసభ మెక్సికో నగరంలో జరిగింది. అదే ఏడాది అక్కడి విశ్వవిద్యాలయ సినిమా బడి విద్యార్థినులు 'సినే ముహేర్' అనే బృందం కట్టారు. గర్భస్రావం, అత్యాచారం, వంటిల్లు ఒక్కోదాని మీద ఒక్కో సినిమా. వంటింటి సినిమాకు పేరు సిల్వియా ప్లాత్ కవితలోని బంగాళదుంపల చిటపటల నుంచి తెచ్చుకున్నారు. 1978లో కొలంబియాలో అదే పేరుతో మరో బృందం పుట్టింది. వీళ్లకు చట్టం కలిసొచ్చింది. సినిమా టికెట్టు మీద చిన్న అదనపు రుసుం వేసి, ప్రతి పెద్ద సినిమాకు ముందు కొలంబియా వాళ్లు తీసిన లఘుచిత్రం వేయాలన్న నిబంధన అది. మన హాళ్లలో ఫిలిమ్స్ డివిజన్ రీలు పడగానే జనం బీడీ కాల్చుకోవడానికి బయటికెళ్లినట్టే అక్కడా నాసిరకం సరుకు బోలెడు తయారైంది. ఆ సందులోంచే 'మీ అమ్మ ఏం చేస్తుంది?' అని అడిగే పది నిమిషాల సినిమా వచ్చింది. "ఏమీ చేయదు" అన్న జవాబుకు ముందూ వెనకా ఒక తల్లి తెల్లవారకముందు నుంచి ఇంట్లో పరుగెడుతూనే ఉంటుంది.

1990లకు వచ్చేసరికి లఘుచిత్రం పని మారింది. అర్జెంటీనా సినిమా సంస్థ పోటీ పెట్టి, గెలిచిన కథలకు డబ్బిచ్చి, అన్నీ కలిపి 1995లో 'ఇస్తోరియాస్ బ్రేవెస్' పేరుతో హాళ్లలో విడుదల చేసింది. అందులో అర్జెంటీనాలోని సాల్తా ప్రాంతం నుంచి వచ్చిన లుక్రేసియా మార్తెల్ 12 నిమిషాల్లో ఒక స్త్రీ, ముగ్గురు పిల్లలు, కొట్టే మొగుడు ఉన్న ఊరొదిలి నడిచిపోవడం చూపించింది. ఆరేళ్లకు పెద్ద సినిమా తీసింది. 2007లో కాన్‌లో ఉత్తమ లఘుచిత్రం బహుమతి మెక్సికో యువతి ఎలీసా మిల్లర్‌కు దక్కింది. గది కాస్తా మెట్టుగా మారిందన్నమాట. మంచిదే. కాకపోతే మెట్టు మీద నిలబడ్డవాళ్లకు పైకే చూపు. చిన్న సినిమాను చిన్నదిగానే నమ్మి తీసేవాళ్లు తగ్గారేమోనని నాకు చిన్న దిగులు.

ఆ దిగులు పోగొట్టిన సినిమా 2016లో బెర్లిన్ చిత్రోత్సవంలో లఘుచిత్రాల గోల్డెన్ బేర్ బహుమతి గెలిచింది. తీసింది పోర్చుగల్ అమ్మాయి లియొనోర్ తెలేస్, 23 ఏళ్లు, తండ్రి వైపు రోమా జాతి, అంటే జిప్సీలు. అక్కడ చాలా దుకాణాల గుమ్మాల్లో పింగాణీ కప్ప బొమ్మ ఉంటుంది. పర్యాటకుడికి అది అలంకారం. కప్పను అపశకునంగా నమ్మే రోమాలకు మాత్రం, లోపలికి రావద్దన్న బోర్డు. తెలేస్ ఆ దుకాణాల్లోకి తనే వెళ్తుంది. కప్పను చేతుల్లోకి తీసుకుని నేలకేసి కొడుతుంది. తర్వాత ఇంకో దుకాణం, ఇంకో కప్ప. మొత్తం 11 నిమిషాలు.