అసలు కదపని అలవాటు నుంచి అసలే తరిగే రోజుల దాకా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఈమధ్య ఒక కొత్త లెక్క వేసుకుంటున్నారు. మంచాన పడిన తల్లినో, మతిమరుపు ముదిరిన తండ్రినో నర్సుల సేవ ఉన్న వృద్ధాశ్రమంలో చేర్పిస్తే, వారి పేర బ్యాంకులో ఉన్న సొమ్ము ఎన్నేళ్లు సరిపోతుందన్నదే ఆ లెక్క. వెనుకటి తరం ఇలా లెక్క కట్టలేదు. దాచిన అసలు సొమ్ము కదపకూడదు, వడ్డీతోనే గడుపుకోవాలి అన్నదే వారి పద్ధతి. అది ఎందుకు చెల్లకుండా పోయిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. అక్కడి తెలుగువారు ఉన్నచోటే ఉండిపోయారు. ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం వైపు సంబంధాలు కలుపుకోవడమూ ఆగలేదు. ఆనాడు ముసలితనానికి ఆధారం భూమే. పంపకాల్లో మడిచెక్క ఎవరి వాటాకు వస్తే పెద్దవాళ్లు వారి పంచన ఉండేవారు, లేదా కొడుకుల ఇళ్లలో వంతులవారీగా గడిపేవారు. తరువాతి తరంలో రైల్వేలోనూ ప్రభుత్వ బడుల్లోనూ కుదిరినవారికి పింఛను దక్కింది. రాయగడ కాగితం మిల్లు వంటి చోట్ల పనిచేసినవారి చేతికి ప్రావిడెంటు ఫండు సొమ్ము వచ్చింది. 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు మాత్రమే. పట్టు నేసేవారికి, కిరాణా కొట్టు నడిపేవారికి దాచుకున్నదే దిక్కు.

దాచుకోవడానికి అప్పుడు కాలం కలిసివచ్చింది. 1986లో వచ్చిన ఇందిరా వికాస్ పత్రం ఐదేళ్లలో, 1988 నాటి కిసాన్ వికాస్ పత్రం ఐదున్నరేళ్లలో సొమ్మును రెట్టింపు చేసేవి. బ్యాంకు డిపాజిట్లపై 12 శాతం వడ్డీ కూడా ఆ రోజుల్లో వింత కాదు. ఆ లెక్కన ఐదు లక్షలకు నెలకు ఐదు వేలు వచ్చేవి. ఇంట్లోనే ఉండే ఒక ముసలావిడకు అది ధారాళం. 2000 తరువాత వడ్డీలు దిగివచ్చాయి. వృద్ధుల కోసం 2004లో 9 శాతంతో మొదలుపెట్టిన సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకం 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తోంది. అంటే అదే ఐదు లక్షలకు నెలకు సుమారు 3,417 రూపాయలు. ఇటు ఖర్చు చూస్తే ఆయా జీతం, డైపర్లు, పక్కపుండ్లకు కట్లు, రాత్రిపూట నర్సు, ఏదీ తగ్గేది కాదు. ధర్మసంస్థలు నడిపే వృద్ధాశ్రమాలలో నెలకు 25,000 రూపాయల దాకా తీసుకునే రుసుముకు 2018లో జీఎస్టీ మినహాయింపు ఇచ్చారు. అంత మొత్తం కట్టేవాళ్లు ఉంటారని ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే కదా.

చట్టం మాత్రం భారాన్ని మొదటి నుంచీ పిల్లల మీదే పెట్టింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కొడుకులతో పాటు కూతుళ్లనూ బాధ్యులను చేసింది. 1987లో సుప్రీంకోర్టు పెళ్లయిన కూతురికీ ఆ బాధ్యత ఉంటుందని చెప్పింది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం సబ్ కలెక్టరు స్థాయిలోనే ట్రిబ్యునల్ పెట్టి, తల్లిదండ్రులు ఉన్నచోట గానీ పిల్లలు ఉన్నచోట గానీ దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. తల్లి గుణుపురంలో, కొడుకు విశాఖలో ఉండే ఇళ్లకు ఇది నిజంగా పనికివచ్చే నిబంధన. కానీ అందులో భృతికి పెట్టిన పరిమితి నెలకు పది వేలు. దాన్ని తొలగించాలని 2019లో పార్లమెంటుకు వచ్చిన బిల్లు చట్టం కాలేదు. జిల్లాకు 150 మందికి తగ్గకుండా వృద్ధాశ్రమాలు కట్టే విషయాన్ని కూడా ఆ చట్టం రాష్ట్రాల ఇష్టానికే వదిలిపెట్టింది.

ప్రభుత్వం నేరుగా ఇచ్చేది వృద్ధాప్య పింఛను. 1995లో కేంద్రం నెలకు 75 రూపాయలతో దీన్ని ప్రారంభించింది. ఒడిశా 2008లో మధుబాబు పింఛను తెచ్చింది. ఇది ఆ రాష్ట్ర నివాసులకే కనుక, తల్లిని శ్రీకాకుళంలోనో విశాఖలోనో చేర్పించే కుటుంబం దీన్ని లెక్కలోకి తీసుకునే వీలు లేదు. 70 ఏళ్లు దాటినవారందరికీ 2024 అక్టోబరు నుంచి వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాలోని ఐదు లక్షలు ఆసుపత్రిలో చేరినప్పుడే ఉపయోగపడతాయి. ఆశ్రమానికి నెలనెలా కట్టే డబ్బు వాటిలోంచి రాదు.

కాబట్టి చివరకు అసలే తీయాలి. ఇక్కడే పెద్ద చిక్కు. సీనియర్ సిటిజన్స్ ఖాతాలోంచి కొంత తీసి కొంత ఉంచడం కుదరదు. మొత్తం ఖాతానే మూయాలి, ఏడాది దాటాక రెండేళ్లలోపు మూస్తే ఒకటిన్నర శాతం, రెండేళ్ల తరువాత ఒక శాతం కోత పడుతుంది. పదిహేను లక్షలు ఒకే ఖాతాలో వేయకుండా ఐదేసి లక్షల మూడు ఖాతాలు తెరిచినవారు ఒకదాన్ని మూసి తక్కిన రెంటినీ కాపాడుకోగలుగుతారు. సంతకం చేయలేని మనిషికి రిజర్వు బ్యాంకు నిబంధన వేలిముద్రను ఒప్పుకుంటుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఒంట్లో శక్తి లేకపోయినా తెలివి ఉన్నవారికి ఇది సరిపోతుంది.

మతి తప్పినవారి విషయంలో సరిపోదు. అప్పటికి రాయించుకున్న పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాకే. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటివారి ఆస్తి చూసేందుకు జిల్లా కోర్టే ఒకరిని నియమించగలిగేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం రోగి హక్కుల గురించి ఎంతో చెప్పింది గానీ, ఈ ఏర్పాటును వదిలేసింది. అందువల్ల తల్లి డబ్బు తల్లి కోసమే ఖర్చుపెట్టాలన్నా, సంరక్షకునిగా నియమించమని కొడుకో కూతురో కటక్‌లోని హైకోర్టులో రిట్ వేయవలసి వస్తోంది. అనుమతి వచ్చేదాకా ఆశ్రమం బిల్లు కట్టవలసింది వారే.