చిన్న విమాన ప్రమాదాలు: ‘వంగితే మనకు తెలియదా?’ అనే అపోహ

చిన్న విమానం ఎక్కడ కూలినా మరుసటి రోజు నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: “ఇంజిన్ ఆగిపోయిందా సార్?” దర్యాప్తు మొదలు కాకముందే వాట్సాప్‌లో తీర్పులు వెలువడి ఉంటాయి. ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా నన్ను భయపెట్టేది ఇంజిన్ కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ధీమాగా అనే మాట ఒకటుంది, నా భయమంతా దాని గురించే.

అపోహ: విమానం పక్కకు వంగితే ఒంటికి తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. బయట దిగంతం కనిపించకపోతే ఎంతటివారికైనా తెలియదు.

1999 జూలై 16 రాత్రి 8:38కి, అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ తన చిన్న విమానం పైపర్ సరటోగాలో న్యూజెర్సీ నుంచి మార్తాస్ వినియార్డ్ దీవికి బయలుదేరారు. వెంట భార్య కరొలిన్, ఆమె అక్క లారెన్ ఉన్నారు. దాదాపు గంట తర్వాత, దీవికి కొద్ది మైళ్ల దూరంలో విమానం సముద్రంలో పడింది. ముగ్గురూ చనిపోయారు. బాంబు పెట్టారన్నారు, కెనెడీల కుటుంబానికి శాపమన్నారు. పాతికేళ్లు దాటినా ఆ కథలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, వినే ఓపిక నాకు లేదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ శకలాలను సముద్రం నుంచి తీయించి పరీక్షించింది. ఇంజిన్‌లో గానీ, కంట్రోల్స్‌లో గానీ లోపం దొరకలేదు. రాత్రివేళ నీటి మీద కిందికి దిగుతూ, స్పేషియల్ డిసోరియెంటేషన్‌కు (ఏది పైన, ఏది కింద అన్న దిశాజ్ఞానం తప్పడం) లోనై పైలట్ విమానాన్ని అదుపు చేయలేకపోయారని 2000 జూలైలో తేల్చింది. చీకటి, హేజ్ (గాలిలోని పలచటి మసక) అందుకు తోడయ్యాయి.

ఆ రాత్రి అదే ప్రాంతంలో ఎగిరిన మరో పైలట్ చెప్పిన మాట నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. దీవి మీదికి వచ్చి కిందికి చూస్తే ఒక్క దీపమూ కనిపించలేదట. ఊరంతా కరెంటు పోయిందేమో అనుకున్నారాయన. కరెంటు పోలేదు. పలచటి మసక నీటినీ ఆకాశాన్నీ కలిపేసింది, అంతే.

ఇప్పుడు రాడార్ జాడ చూడండి. 5,500 అడుగుల నుంచి నెమ్మదిగా దిగుతూ వచ్చిన విమానం 2,200 అడుగుల దరిదాపుల్లో నిలిచింది. కుడికి తిరిగింది, 2,600కి ఎక్కింది, ఎడమకు తిరిగింది, మళ్లీ కుడికి. ఆ చివరి మలుపు బిగుసుకుపోయి, దిగే వేగం నిమిషానికి 4,700 అడుగులు దాటింది. రాడార్‌లో ఆఖరుసారి కనిపించింది 1,100 అడుగుల దగ్గర. ఆ వేగంతో అక్కడి నుంచి నీటిని తాకడానికి పదిహేను సెకన్లు కూడా పట్టదు.

లోపలి చెవిలోని ద్రవం మలుపు మొదలైనప్పుడో, ఆగినప్పుడో మాత్రమే మనకు కబురు చెబుతుంది. మలుపు ఒకే తీరున పది ఇరవై సెకన్లు సాగితే ద్రవం కూడా దానితో పాటే తిరుగుతుంది. ఇక మెదడుకు మనం నేరుగా పోతున్నట్టే. చిన్నప్పుడు గిరగిరా తిరిగి ఆగితే ప్రపంచం ఎదురు తిరిగినట్టు అనిపించేది కదా, రెక్కలు సరిచేసినప్పుడు పైలట్‌కు అనిపించేదీ అదే. అందుకే సరిచేసిన విమానాన్ని మళ్లీ వంచుతాడు. ఎత్తు తగ్గుతోందని కంట్రోల్ కాలమ్‌ను వెనక్కి లాగుతాడు. రెక్కలు వంగి ఉండగా లాగితే విమానం పైకి ఎక్కదు, స్పైరల్ (చుట్లు తిరుగుతూ కిందికి దిగడం) ఇంకా బిగుస్తుంది. ముందు పవర్ తగ్గించాలి, రెక్కలు సమం చేయాలి, ఆ తర్వాతే నెమ్మదిగా లాగాలి.

నమ్మని విద్యార్థిని నేను గాలిలోకి తీసుకువెళతాను. తల వంచి కళ్లు మూసుకోమని, చాలా మెల్లగా విమానాన్ని వంచుతాను. “ఎలా పోతున్నాం?” అంటే “స్ట్రెయిట్ అండ్ లెవెల్, సార్” అంటాడు. కళ్లు తెరిస్తే విమానం ఎటు ఎంత వంగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద ముప్ఫై డిగ్రీల బ్యాంక్ (పక్కకు వంపు)! ఒక అమ్మాయి ఇండికేటర్ చెడిపోయిందని నాతో గట్టిగా వాదించింది. బయట పొలాలు ఏటవాలుగా కనిపించాక ఆగిపోయింది. ఆమె తెలివైన విద్యార్థిని. తెలివికి దీనితో సంబంధం లేదు.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ (బయటకు చూడకుండా పరికరాలను బట్టే విమానం నడపడం) లేని 20 మందిని దిగంతం కనిపించని పరిస్థితిలో పరీక్షించారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో.

‘ఎగిరిన గంటలు చాలలేదు’ అనేది మరో సులువైన జవాబు. కెనెడీకి సుమారు 310 గంటలున్నాయి, అందులో 55 రాత్రివి. లేనిది ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే పరికరాలను బట్టే ఎగరడానికి ఇచ్చే అర్హత. దానికి శిక్షణ సగంలో ఉంది. ఆ రాత్రి తోడు వస్తానన్న ఇన్‌స్ట్రక్టర్‌తో ఒంటరిగానే వెళతానన్నారు. విజిబిలిటీ (ఎంత దూరం కనిపిస్తోందన్నది) నిబంధనల ప్రకారం సరిపోయింది. చట్టం ఒప్పుకుంది కాబట్టి క్షేమమనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడదు. శిక్షణలో వాడే చిన్న విమానం సెస్నా 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర మైలు గ్లైడ్ అవుతుంది. స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు, రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోవడం. ఫ్లైట్ ప్లాన్ (ప్రయాణ వివరాలు ముందే తెలిపే పత్రం) ఇవ్వలేదని కెనెడీని తిట్టేవారున్నారు. అది తప్పనిసరి కాదు, ఇచ్చినా ఆ స్పైరల్‌ను ఆపేది కాదు.

అమెరికాలో శిక్షణకు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఆందోళన నాకు తెలుసు, ఫోను పెట్టాక కూడా మీ గొంతు చెవిలో ఉంటుంది. అక్కడ రాత్రి వీఎఫ్ఆర్‌లో (బయటకు కంటితో చూస్తూ నడిపే పద్ధతి) ఎగరడం మామూలే, లాగ్‌బుక్‌లో గంటలు పెంచుకోవడానికి పిల్లలు ఎగురుతారు. విమానం ఎంత పాతదని కాదు, ఇవి అడగండి: రాత్రి నీటి మీదుగానో, దీపాలు లేని చోటనో వెళ్లే ముందు హుడ్ (బయట కనిపించకుండా కళ్లకు పెట్టే అడ్డు) కింద ఎంత సాధన చేశావు? ఆటోపైలట్ వెంటనే ఆన్ చేయగలవా? దిగంతం మసకబారితే వెనుదిరగడానికి, ఏటీసీని (నేల మీది విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) సాయం అడగడానికి సిగ్గుపడవు కదా? ఫ్లైట్ రద్దు చేసుకుంటే మీ స్కూల్‌లో ఎవరైనా ఏమైనా అంటారా? ఈ చివరి దానికి మీ అబ్బాయి నీళ్లు నమిలితే, ముందు ఆ స్కూల్‌తో మాట్లాడండి.